నోరు తిరగని మాట

"ఫోనొచ్చింది. మాట సరిపోయింది, అంకెలూ సరిపోయినయ్యి. కరెంటిచ్చాను. ఇంకెన్నిసార్లు చెప్పమంటావు?"

"చేసిందెవరో అది చెప్పండి."

"గొంతు సరిగ్గా వినపళ్ళేదు."

రూతు ఉప్మా పళ్ళెం భర్త ముందు పెట్టి, చేతులు చెంగుకు తుడుచుకుని, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆరు రోజులుగా ఇదే జవాబు.

ఏసుపాదం అబద్ధం ఆడటం చేతకాని మనిషి. నిజం చెప్పేటప్పుడు ఆయన మాటకు అంతూ పొంతూ ఉండదు. పాలవాడు ఆలస్యంగా వచ్చాడని చెప్పాలంటే గడియారంలో ముల్లు ఎక్కడుందో, పాలవాడి సైకిలు చెయిను దారిలో ఎన్నిసార్లు ఊడిందో కూడా చెబుతాడు. అలాంటిది, ఒక మనిషి చెయ్యి పోయిన సంగతిని నాలుగు ముక్కల్లో తేల్చేస్తున్నాడు. పదహారేళ్ళ కాపురంలో ఆయన నోట ఇంత పొట్టి జవాబు రూతు వినలేదు.

"ఫోనులో దగ్గితే చాలు, దగ్గిందెవరో చెబుతారు గదా మీరు!"

"ఆ రోజు లైనులో గరగరలాడింది."

"ఆ గరగరలో గొంతు వినపళ్ళేదు గానీ, మీ ఇంజినీరు గారు పెట్టిన ఆ దిక్కుమాలిన మాట మాత్రం అక్షరం పొల్లు పోకుండా వినపడిందా?"

ఏసుపాదం పళ్ళెం పక్కకు జరిపాడు. తినలేదు. కోపమూ తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే రూతుకు కొంత నయంగా ఉండేది.

గన్నవరం అవతల, ఏలూరు కాలువ పక్కన ఉన్న ఆ సబ్‌స్టేషన్లో ఏసుపాదం పద్నాలుగేళ్ళుగా ఆపరేటరు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఫోను చేసి కరెంటు తీయించుకుంటాడు. పని అయ్యాక, కిందికి దిగి మళ్ళీ ఫోను చేసి తనకిచ్చిన రహస్యపు మాట చెబుతాడు. ఆ మాట చెవిన పడితేనే ఆపరేటరు స్విచ్చి వేయాలి. పోయిన శుక్రవారం మధ్యాహ్నం మాట చెవిన పడింది, ఏసుపాదం స్విచ్చి వేశాడు. కానీ లైన్‌మన్ బసవయ్య అప్పటికింకా స్తంభం మీదే ఉన్నాడు.

ఆదివారం నాడు బెజవాడ పెద్దాసుపత్రిలో బసవయ్య కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. సోమవారం ఏసుపాదాన్ని సస్పెండు చేశారు. మంగళవారం నుంచి క్వార్టర్స్‌లో వాళ్ళెవరూ పిల్లల్ని రూతు ఇంటివైపు రానివ్వడం లేదు.

బసవయ్య స్పృహ వచ్చాక చెప్పిన మాట ఒక్కటే. "నేను ఫోను చెయ్యలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు."

అంటే ఫోనే రాలేదని అర్థం. ఏసుపాదం పరాకున స్విచ్చి వేసి, ఫోను వచ్చినట్టు పుస్తకంలో రాసుకున్నాడని అర్థం. ఆ అర్థం క్వార్టర్స్ అంతటికీ నచ్చింది. రూతుకు తప్ప.

"ఇవాళ ఎంక్వయిరీ," అంది రూతు. "అక్కడ కూడా గరగర అనే చెబుతారా?"

"ఆఁ."

"మిమ్మల్ని జైల్లో పెడతారండీ."

"పెట్టనీ," అన్నాడు ఏసుపాదం.

రూతుకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం తీసుకుని వెళ్ళి వంటింటి గట్టు మీద గట్టిగా పెట్టింది. ఆ చప్పుడులోనే బయట జీపు ఆగిన చప్పుడు కలిసిపోయింది.

వెంకటకృష్ణారావు చెప్పులు గుమ్మం అవతల విడిచాడు. అదొక్కటి చూస్తే చెడ్డవాడని చెప్పడానికి వీల్లేదు. ముప్పై దాటని ఇంజినీరు. ఎమర్జెన్సీ వచ్చాక ప్రతి ఆఫీసు గోడ మీదా క్రమశిక్షణ గురించి రాసి పెట్టారు. ఆ గోడరాతల్ని నిజంగా నమ్మిన కొద్దిమందిలో అతనొకడు. చంకలో సబ్‌స్టేషన్ లాగ్ బుక్కు ఉంది.

అతను తెచ్చిన ఎంక్వయిరీ నోటీసు మీద సంతకం పెట్టి ఏసుపాదం పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఇంజినీరు వసారాలో నిలబడిపోయాడు.

"మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రిలోనే ఎంక్వయిరీ అమ్మా. బసవయ్య కదల్లేడు కాబట్టి. మీ ఆయనకు మీరైనా చెప్పండి. ఫోను చేసిన మనిషి పేరు చెబితే చాలు, సస్పెన్షను ఎత్తేయమని నేనే రాస్తాను. చెప్పకపోతే ఫోనే రాలేదని రాయాల్సొస్తుంది. అప్పుడది నా చేతుల్లో ఉండదు. పోలీసుల దాకా పోతుంది."

"మీరు పెట్టిన రూలే గదండీ ఇంత తెచ్చింది," అంది రూతు. అనేశాక తనకే భయం వేసింది.

అతను నొచ్చుకున్నాడు. "ఇదివరకు బసవయ్య మాట ఏంటో మీకు తెలుసా?"

తెలియకేం. పెసరట్టు. లైన్‌మన్లందరికీ తలా ఒక మాట ఉండేది. ఒకడు కూతురి పేరు, ఒకడు కులదేవత పేరు. బసవయ్య మాత్రం పెసరట్టు. కాలువ గట్టు పొడుగునా గేదెలు కాసుకునేవాళ్ళకు కూడా తెలుసు. ఫోను చేసి "పెసరట్టు" అంటే, ఇవతల ఏసుపాదం "అల్లం పడిందా బసవయ్యా?" అనేవాడు. అవతల నవ్వు వినపడితే స్విచ్చి వేసేవాడు.

"నేనిదివరకు పనిచేసిన చోట," ఇంజినీరు గొంతు తగ్గించాడు, "ఇట్లాగే అందరికీ తెలిసిన మాట. మిల్లు ఆగిపోయిందని మిల్లు మనిషే ఆ మాట చెప్పి కరెంటు వేయించుకున్నాడు. స్తంభం మీద ఉన్న హెల్పరు అక్కడే పోయాడు. ఇద్దరు పిల్లలు. శవాన్ని దింపించింది నేనే అమ్మా. అందుకే పెట్టాను ఈ రూలు."

రూలంటే మామూలు రూలా! దేవుడి పేరు పనికిరాదు. పెళ్ళాంబిడ్డల పేర్లు పనికిరావు. ఊరు, పంట, తిండి, ఏదీ కాకూడదు. అసలు ఆ మాటకు అర్థమే ఉండకూడదు. అయిదక్షరాలకు తగ్గకూడదు. వెనక మూడంకెలుండాలి, అందులో ఒకే అంకె రెండుసార్లు రాకూడదు. ప్రతి సోమవారం సీలువేసిన కవర్లో కొత్త మాట వస్తుంది. ఎక్కడా రాసుకోకూడదు, ఎవరికీ చెప్పకూడదు. ఫోనులో కుశలప్రశ్నలు, వేళాకోళాలు అసలే కూడదు. మాట మరిచిపోయిన లైన్‌మన్ స్వయంగా సబ్‌స్టేషన్‌కు వచ్చి సంతకం పెడితేగాని కరెంటు రాదు.

"ఇది చూడండి." ఇంజినీరు లాగ్ బుక్కు తెరిచి వేలితో చూపించాడు. "పన్నెండూ నలభై. పెటమలుసు, ఏడు రెండు తొమ్మిది. మీ ఆయన చేతిరాతే. ఈ మాట బసవయ్యకూ ఆపరేటరుకూ తప్ప ఇంకెవరికీ తెలియడానికి వీల్లేదు. బసవయ్య ఫోను చెయ్యలేదంటున్నాడు. నన్నేం అనుకోమంటారు?"

జీపు వెళ్ళిపోయాక రూతు ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకోబోయింది. అప్పుడే జారిపోయింది. పెటలమసో, పెమటలుసో. అంకెలు కూడా ఏడు దాటి ముందుకు రాలేదు.

బసవయ్య భార్య రావమ్మ తొమ్మిది గంటల బస్సుకు ఆసుపత్రి నుంచి వచ్చింది. స్నానం చేసి, ఉతికిన దుప్పటి, ఒక గ్లాసు, చెంచా సంచిలో పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా పెరటి దారిన రూతు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. క్వార్టర్స్‌లో అందరూ ఈ ఇంటి గడప తొక్కడం మానేస్తే, తొక్కకూడని మనిషి ఒక్కతే వస్తోంది.

అందులో ఏదో ఉందని రూతుకు ఇదివరకే తట్టాల్సింది. కష్టంలో ఉన్న మనిషికి అన్నీ ఒకేసారి తట్టవు.

"అన్నయ్య ఏవైనా తిన్నాడా వదినా?"

"మీ అన్నయ్య సంగతి సరే, మా అన్నయ్య సంగతి చెప్పు. నా మొగుడు తిండి మానేసి కూర్చుంటే ఆయనకేం తెలుస్తది? ఫోను చెయ్యలేదు, చెయ్యలేదు అని ఒకటే పాట! ఒక్కసారి ఆలోచించమను. ఫోను రాకపోతే ఆ మాట ఎక్కణ్ణించి ఊడిపడింది? ఇందాక ఇంజినీరు చదివి వినిపించాడు. అప్పుడే నా నోటికి రావట్లేదు. పెట... పెటల..."

రావమ్మ తలదించుకుని సంచి మూతి ముడివేస్తోంది. ధ్యాస ముడి మీద ఉంది.

"పెటమలుసు వదినా. ఏడు రెండు తొమ్మిది."

ముడి సగంలో ఆగిపోయింది.

పెరట్లో బావి గిలక చప్పుడు వినిపిస్తోంది. ఏసుపాదం నీళ్ళు తోడుతున్నాడు.

రూతు లేచి వెళ్ళి పెరటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. మోకాళ్ళ మీద రావమ్మ ఎదురుగా కూర్చుంది.

"దానికి ముందు వారం మాట ఏంటి?"

రావమ్మ చూపు ఎత్తలేదు. "కిదరమొలి. నాలుగు ఒకటి ఎనిమిది."

"అంతకు ముందుది?"

"జొవిటరక. ఆరు మూడు అయిదు. ఇంకా అడగొద్దు వదినా. అన్నీ ఉన్నయ్యి నోట్లో. పొమ్మన్నా పోవట్లేదు."

అవి రావమ్మ నోట్లో ఎలా పడ్డాయో రూతుకు తెలుసు. ఆ సలహా ఇచ్చింది ఎవరో కాదు, తనే.

జూన్ నెలలో, రూలు పెట్టిన కొత్తలో, బసవయ్య రెండుసార్లు మాట మరిచిపోయి మిట్టమధ్యాహ్నం మూడు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. రెండోసారి ఈ వసారాలోనే కూలబడి, మంచినీళ్ళు తాగి, "చదువుకున్నోళ్ళకి గూడా నోరు తిరగదమ్మా ఆ మాట, నా మొహానికెట్లా తిరుగుద్ది?" అన్నాడు. అప్పుడు రూతు నవ్వుతూ అంది: "రావమ్మ వదినకి అప్పజెప్పు అన్నయ్యా. నేను సండేస్కూలు పిల్లలకి వాక్యాలు వల్లె వేయిస్తుంటే, గుమ్మంలో బియ్యం చెరుక్కుంటూ కూర్చుని పిల్లలకంటే ముందు అప్పజెప్పేస్తది. ఆవిడ నోట్లో పడిన మాట దేవుడు దిగొచ్చినా మర్చిపోదు."

నవ్వులాటకే అంది. ఏసుపాదం కూడా అక్కడే ఉన్నాడు. ఆయనా నవ్వాడు.

"నిజంగానే నీకప్పజెప్పాడా?" అంది రూతు.

"సోమవారం పొద్దున వచ్చి చెప్పేవాడు. వారమంతా నేనే దాచేదాన్ని. నేను రామకోటేశ్వరరావు గారి మిల్లులో వడ్లు ఎండబోస్తా గదా, ఫోను అక్కడి వసారాలోనే ఉంటది. కాలవ అవతల ఆయన పని చేసుకుని, దిగి, ఎర్ర తువ్వాలు తలమీద తిప్పేవాడు. తిప్పితే నేను ఫోను చేసేదాన్ని. అన్నయ్యకీ తెలుసు. నా గొంతే గదా రోజూ వినేది."

"మరి శుక్రవారం?"

రావమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట్లాడింది.

"దిగాడు వదినా. కళ్ళారా చూశా. కాలవలో మొహం కడుక్కున్నాడు. తువ్వాలు పైకి లేచింది. తిప్పాడనుకున్నా. మిల్లులో అందరూ అన్నాలకి పోయారు. పరిగెత్తుకుంటా పోయి ఫోను చేశా. పెటమలుసు, ఏడు రెండు తొమ్మిది. పెట్టేసి ఇవతలకొచ్చేసరికి..." ఆగింది. "తిప్పలేదంట. తుడుచుకున్నాడంట. పక్క స్తంభం మీద జంపరు తీగ ఒదులుగా ఉందని, కరెంటు లేనప్పుడే బిగిద్దామని మళ్ళీ ఎక్కాడంట."

రూతుకు ఆమెను లాగి చెంప మీద కొట్టాలనిపించింది. అదే క్షణంలో ఒళ్ళోకి తీసుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు.

"బసవయ్య అన్నయ్యకి తెలీదా?"

"తెలీదు. తువ్వాలు తిప్పకుండా నేనెందుకు చేస్తానని ఆయన ధీమా. నేను దాచిపెట్టే సంగతి బయటపడకూడదని, ఎవరికీ చెప్పలేదని రాయించాడు. పూటపూటకీ జావ తాగిస్తుంటే అన్నయ్యని తిడతాడు వదినా. నోటికొచ్చినట్టు తిడతాడు. నేను మూతి తుడుస్తా వింటా కూచుంటా."

"చెప్పెయ్యాల్సింది!"

"చెప్పబోయా. ఆసుపత్రి వరండాలో అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు." రావమ్మ కళ్ళెత్తి చూసింది. "నువ్వు చెప్పమంటే ఇప్పుడే చెప్తా. ఒట్టు నాకు లెక్కలేదు. నువ్వు చెప్పమను."

రూతు నోరు తెరిచింది. చెప్పు అనలేకపోయింది. వద్దు అని కూడా అనలేకపోయింది. రావమ్మ కాసేపు చూసి, సంచి తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

బెజవాడ బస్సులో భార్యాభర్తలు ఒకే సీటులో కూర్చున్నారు. నిడమానూరు దాకా రూతు కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"నాకు తెలిసిపోయింది," అంది.

ఏసుపాదం అడగలేదు, ఏం తెలిసిందని. ఆయన భుజాలు మాత్రం కొంచెం కిందికి దిగాయి.

"స్విచ్చి వేసింది నా చెయ్యి రూతూ," అన్నాడు. "లైన్‌మన్ మాట ఆడమనిషి గొంతులో వచ్చిన మొదటి రోజే నేను ఆగాల్సింది. ఆగలేదు. మాట సరిపోయిందా లేదా అన్నదే చూశాను. అల్లం పడిందా అని అడిగే రోజుల్లో, అవతల నవ్వు వినపడకపోతే చెయ్యి ఆడేది కాదు. ఇప్పుడు నవ్వు అక్కర్లేదు. మాట ఉంటే చాలు. చాలుననుకున్నాను."

ఇదీ ఏసుపాదం మాట్లాడే పద్ధతి. ఆరు రోజుల తర్వాత భర్త గొంతు విన్నట్టయింది రూతుకు.

"ఆ మాటే చెప్పండి వాళ్ళకి."

"చెబితే? డ్యూటీలో దెబ్బ తగిలిన మనిషికి కూర్చుని చేసే పని ఏదో ఒకటి ఇస్తారు. రహస్యం బయటపెట్టిన మనిషికి ఇంటికి పొమ్మని కాగితం ఇస్తారు. ఒంటిచేతి మనిషికి ఎవరిస్తారు పని? అదీ కాదు. తన చెయ్యి తీసింది తన పెళ్ళామేనని తెలిసి ఆ చేతి ముద్ద ఎట్లా మింగుతాడు? నన్ను తిట్టుకుంటున్నాడు, తిట్టుకోనీ. నన్ను తిట్టుకుంటే బతుకుతాడు."

"మరి మనం? మనం ఎట్లా బతుకుతామో నన్నొక మాట అడిగారా?"

ఏసుపాదం ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. భయపడుతున్నాడు. జైలంటే, పోలీసులంటే, సంఘంలో తలదించుకోవడమంటే అందరిలాగే ఈయనకూ భయమే. భయపడుతూనే ఈ పని నెత్తిన వేసుకున్నాడు. రూతుకు ఏడుపొచ్చింది. ఆయన మీద ప్రేమతోనూ వచ్చింది, కసితోనూ వచ్చింది.

"రావమ్మ పేరు నీ నోట రానివ్వనని చెప్పు," అన్నాడు.

రామవరప్పాడు దాటింది. బస్సులో జనం లేచి సామాన్లు సర్దుకుంటున్నారు.

"రానివ్వను," అంది రూతు.

ఆసుపత్రిలో బసవయ్య మంచం వరసలో చివరిది. కుడివైపు దుప్పటి చదునుగా పడి ఉంది. మనిషి సగానికి సగమయ్యాడు. ఏసుపాదం లోపలికి రాగానే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పక్కన రావమ్మ గ్లాసులో జావ చల్లారుస్తూ కూర్చుంది.

వెంకటకృష్ణారావు ఇనప స్టూలు మీద కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాడు.

"ఏసుపాదం గారూ, ఫోను ఎవరు చేశారు?"

"గొంతు సరిగ్గా వినపళ్ళేదండి."

"బసవయ్యా, నువ్వు చేశావా?"

"లేదు సార్. ఈ నరహంతకుడు..." బసవయ్య గోడవైపే చూస్తూ అన్నాడు. "పద్నాలుగేళ్ళు అన్నదమ్ముల్లాగా మెలిగాం సార్. ఆ ఇంట్లో నీళ్ళు తాగాను నేను."

"మాట ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

రావమ్మ చెంచా అతని నోటికి అందించింది. తాగాడు. ఆమె మూతి తుడిచింది. ఏసుపాదం నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఇంజినీరు రాయడం ఆపి, కాగితం తిప్పాడు. "అయితే ఫోను రాలేదనే రాస్తున్నాను. ఆపరేటరు తనంతట తాను స్విచ్చి వేసి, పుస్తకంలో దొంగరాత రాశాడని. ఏసుపాదం గారూ, ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?"

"లేదండి."

పెన్ను కాగితాన్ని తాకింది. ఆ చిన్న చప్పుడు రూతు చెవిలో పడింది. అది తన ఇంటి తలుపు మూసుకున్న చప్పుడేనని ఆమెకు తెలుసు.

"సార్," అంది.

అందరూ తిరిగి చూశారు. బసవయ్య కూడా.

"నేనెవరి మీదా ఏం చెప్పనండి. ఎవరి పేరూ ఎత్తను. ఒక్కటే అడుగుతా." రూతు మంచం దగ్గరికి ఒకడుగు వేసింది. "ఆ వారం మాట ఏంటో బసవయ్య అన్నయ్యని ఒక్కసారి చెప్పమనండి."

"రూతూ!" అన్నాడు ఏసుపాదం.

ఇంజినీరు అతన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. పెన్ను పక్కన పెట్టాడు. "చెప్పు బసవయ్యా."

బసవయ్య నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. "అదేదో... పెటల... ఏడు సార్. ఏడుతో మొదలు."

"పోనీ అంతకు ముందు వారానిది?"

బసవయ్య తల అడ్డంగా ఊపాడు.

ఇంజినీరు లాగ్ బుక్కు తెరిచి పేజీలు తిప్పాడు. "జూన్‌లో రెండుసార్లు నువ్వే వచ్చి సంతకం పెట్టావు. ఆ తర్వాత ఇప్పటికి ముప్పై ఒక్కసారి నీ పేరున ఫోను మీద కరెంటు తిరిగిచ్చారు. ముప్పై ఒక్కసారీ మాట తప్పు పోలేదు. నీకు ఒక్కటీ రాదు. మరి ఎవరు చెప్పేవాళ్ళు?"

బసవయ్య అప్పుడు తల తిప్పాడు. ఏసుపాదం వైపు కాదు, రావమ్మ వైపు. జావ చెంచా గాలిలో ఆగి ఉంది. ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చెంచాలోంచి జావ దుప్పటి మీద బొట్టుబొట్టుగా కారుతోంది.

"తువ్వాలా?" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

రావమ్మ తలూపింది.

బసవయ్య కళ్ళు మూసుకున్నాడు. రూతు చేసిన పని ఆమె కళ్ళెదురుగానే జరుగుతోంది. పేరు ఎత్తనంది, ఎత్తలేదు. ఆ నిజాయితీ తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

బసవయ్య కళ్ళు తెరిచి ఇంజినీరు వైపు చూశాడు.

"నేనే చేశా సార్ ఫోను."

"ఏంటీ?"

"నేనే చేశా. చేసి, పక్క స్తంభం సంగతి గుర్తొచ్చి మళ్ళీ ఎక్కా. తప్పు నాదే. భయపడి అబద్ధం రాయించా. ఏసుపాదం తప్పేం లేదు."

"మాటే గుర్తులేనివాడివి ఫోను ఎట్లా చేశావయ్యా?"

"పడ్డప్పుడు తలకి తగిలింది సార్. అన్నీ పోయినయ్యి."

"అట్లా రాస్తే నీ ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"రాయండి సార్."

ఏసుపాదం ఏదో అనబోయాడు. "నువ్వు ఊరుకో," అన్నాడు బసవయ్య. ఆరు రోజుల్లో అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

వెంకటకృష్ణారావు రాశాడు. నాలుగు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది. ఈ మంచం చుట్టూ తనకు తెలియనిది ఏదో ఉందని అతనికి అర్థమవుతూనే ఉంది. అది ఏ రూలులోనూ ఇమడదని కూడా అర్థమైనట్టుంది. రాసింది చదివి వినిపించి, సంచిలోంచి సిరా ప్యాడు తీసి మంచం అంచున పెట్టాడు.

"సంతకం చెయ్యలేడు కదా. ఎడంచేతి బొటనవేలు వేయించమ్మా. మీ ఆయన చెయ్యి పట్టుకో."

రావమ్మ గ్లాసు కింద పెట్టింది. చెంచా గ్లాసులో వేసింది. దుప్పటి మీద పడిన జావను చెంగుతో తుడిచింది. తర్వాత బసవయ్య చెయ్యి పట్టుకోకుండా, తన కుడిచేతి బొటనవేలు ప్యాడు మీద ఆనించి గట్టిగా నొక్కింది.

"వద్దే," అన్నాడు బసవయ్య. ఉన్న ఒక్క చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

సిరా అంటిన వేలు కాగితానికి జానెడు దూరంలో ఆగింది.

"పెటమలుసు సార్," అంది రావమ్మ. "ఏడు రెండు తొమ్మిది."